గ్రాంటు దరఖాస్తులో లేని గడి

ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడి విధుల జాబితాలో గత దశాబ్దంలో ఒక కొత్త పని చేరింది. బోధన, మూల్యాంకనం, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల విధులు, సర్వేలు పాతవే. కొత్తది దరఖాస్తులు రాయడం. పీఎం శ్రీ పథకానికి బడి తరఫున దరఖాస్తు, అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు మరొకటి, ఇన్‌స్పైర్ మనాక్‌కు పిల్లల ఆలోచనల నమోదు, విద్యాంజలి పోర్టల్‌లో బడి అవసరాల నమోదు, కంపెనీల సామాజిక బాధ్యత నిధుల కోసం ప్రతిపాదనలు. బీఈడీలో ఈ పని ఎవరూ నేర్పరు. డీఎస్సీ పరీక్షలో దీనిమీద ప్రశ్న రాదు. అయినా ఒక బడిలో నీళ్లు వస్తాయా, ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్డి ఉంటుందా అన్నది చాలాచోట్ల ఈ రాతపని మీదే ఆధారపడుతున్నది. దుండిగల్ పరిసరాల్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తూ కొన్నేళ్లుగా ఇటువంటి దరఖాస్తులు రాస్తున్నాను. వాటిలో కొన్ని ఫలించాయి. అవి ఎలా ఫలించాయో, ఆ రాతలో కులం ఎక్కడెక్కడ ఎదురైందో రేపు ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థుల ముందు ఉంచదలచుకున్నాను.

దుండిగల్ అనగానే బయటివారికి వైమానిక దళ అకాడమీ గుర్తుకొస్తుంది. ఇప్పుడు దానికి తోడు వరుసగా ఇంజనీరింగ్ కళాశాలలు, అవుటర్ రింగ్ రోడ్డు, బౌరంపేట, మల్లంపేట, బహదూర్‌పల్లి దాకా పరచుకున్న విల్లాలు, గాగిల్లాపూర్, బాచుపల్లి వైపు మందుల పరిశ్రమలు. ఆ విల్లాలలో కాపలా కాసేవారి పిల్లలు, ఇళ్లు ఊడ్చేవారి పిల్లలు, పరిశ్రమల్లో కాంట్రాక్టు కింద మూటలు మోసేవారి పిల్లలు, పాలమూరు నుంచీ ఒడిశా, బీహార్ల నుంచీ వచ్చిన మేస్త్రీ కూలీల పిల్లలు, చుట్టుపక్కల తండాల లంబాడా పిల్లలు, ఊరి పాత మాల మాదిగ వాడల పిల్లలు మా బడికి వస్తారు. ఆ గేట్ల వెనుక ఉండే ఇళ్ల నుంచి ఒక్కరూ రారు. ప్రభుత్వ బడికి గ్రాంటు అడగడమంటే నగర శివార్లలో ఆచరణలో ఏ కులాల పిల్లల కోసం అడగడమో ఇంతకంటే వివరించనక్కరలేదు.

గ్రాంటు అనే మాటకు మన విద్యాచరిత్రలో ఒక పుట్టుమచ్చ ఉన్నది. 1854 నాటి వుడ్ డిస్పాచ్ గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతిని ప్రవేశపెట్టింది. స్థానికంగా కొంత సొమ్మునూ, బడి నడిపే సామర్థ్యాన్నీ చూపగలిగిన వారికి సర్కారు మరికొంత సొమ్ము కలుపుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చూపడానికి సొమ్ము ఎవరి దగ్గర ఉన్నదన్న ప్రశ్న వేయనంతవరకు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే వేసింది ఆ ప్రశ్నే. శ్రమజీవుల చెమట నుంచి వచ్చే రాబడి పైకులాల ఉన్నత విద్యకు ఖర్చవుతున్నదనీ, సామాన్యుల ప్రాథమిక విద్య గాలికి వదిలివేయబడిందనీ ఆయన వాదించారు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పిల్లలకు బడులు తెరిచినప్పుడు కూడా విరాళాలే మొదటి ఆధారం. ప్రభుత్వం వాటిని స్వీకరించడం ఆ తర్వాతి మాట. అణగారిన కులాలు తమ యోగ్యతను ముందుగా నిరూపించుకోవాలి, సాయం వెనుక వస్తుంది అన్న క్రమం అప్పుడే స్థిరపడింది.

ఈ క్రమాన్ని తలకిందులు చేసిన దరఖాస్తు ఒకటున్నది. బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో కొలంబియా వెళ్లిన అంబేడ్కర్, 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం సమర్పించారు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల కోసం ఏటా మూడు లక్షల రూపాయలు అందులోని ఒక కోరిక. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలకు కేంద్రం ఏటా అంతంత ఇస్తున్నదని ఆయన ఎత్తిచూపారు. అందులో దైన్య వర్ణన లేదు. పోలిక ఉన్నది, లెక్క ఉన్నది, ఇందులో మా వాటా ఏదన్న ప్రశ్న ఉన్నది. ఈనాటి పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల చరిత్ర ఆ ఫలితంగా 1944లో మొదలైంది. గ్రాంటు కోసం రాయబోయే ప్రతి ఉపాధ్యాయుడూ ముందుగా చదవాల్సింది ఆ పత్రాన్ని. స్కాలర్‌షిప్‌కు తెలుగులో ఉపకార వేతనమని పేరు పెట్టినవారెవరో గానీ, ఆ పేరులోనే ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద నిలబడి ఉంటారు.

మా బడి బీరువాలో పాత విన్నపాల ఫైలు ఒకటి ఉన్నది. నా కంటే ముందు పనిచేసినవారు స్థానిక ప్రముఖులకూ కంపెనీలకూ రాసిన ఉత్తరాల నకళ్లు అందులో ఉన్నాయి. దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. తమరు దయార్ద్ర హృదయులు, మా పిల్లలు నిరుపేదలు, అభాగ్యులు, తమరి చల్లని చూపు పడితే ధన్యులమవుతాము. ఆ ఉత్తరాలకు జవాబులు లేవు. రాసినవారిని తప్పుపట్టను. వారికి తెలిసిన దరఖాస్తు భాష అదొక్కటే, దొరల కాలం నుంచి వచ్చింది. పైగా చదివేవారికి కూడా ఆ ఉత్తరంతో ఏం చేయాలో తెలియదు. ఎంత డబ్బు, దేనికి, ఎప్పటిలోగా, తర్వాత ఎవరు చూసుకుంటారు అన్నదేదీ అందులో ఉండదు.

చట్టం మనకు వేరే భాష ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి నిష్పత్తి మేరకు చోటు. 22వ సెక్షన్ ఇంకా ముఖ్యమైనది. ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వమూ స్థానిక సంస్థా ఇచ్చే గ్రాంట్లకు ఆధారం కావాలని అది చెబుతుంది. అంటే ఇళ్లు ఊడ్చే తల్లి సంతకం చేసిన ప్రణాళికకు చట్టబద్ధమైన విలువ ఉన్నది. దాన్ని చాలా బడుల్లో ఉపాధ్యాయులే ఒక పూటలో నింపి, సంతకాలు తీసుకుని, ఫైలులో పెట్టేస్తారు. నేను రాసి గెలిచిన ప్రతి దరఖాస్తుకూ మొదటి జతపత్రం ఆ ప్రణాళికే, దాన్ని ఆమోదించిన కమిటీ తీర్మానంతో సహా. కంపెనీకి 22వ సెక్షన్ వర్తించదు, నిజమే. కానీ ఒక ఉపాధ్యాయుడి వ్యక్తిగత ఉత్సాహానికీ, చట్టబద్ధమైన కమిటీ కోరికకూ ఉన్న తేడా చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

ఇక రాసే విధానం. తాగునీరు, బల్లలు, కంప్యూటర్లు, ప్రహరీ, రంగులు అన్నీ ఒకే కాగితంలో అడిగితే ఏదీ రాదు. ఒక్కటే అడగాలి, దాన్ని లెక్కతో అడగాలి. మేము ఆడపిల్లల మరుగుదొడ్లు అడిగాము. ఆ ఏడు బడిలో 120 మంది ఆడపిల్లలు, పనిచేసే మరుగుదొడ్లు రెండు, విరామం పది నిమిషాలు. స్వచ్ఛ విద్యాలయ ప్రమాణం ప్రకారం 40 మందికి ఒక యూనిట్ చొప్పున మూడు ఉండాలి. కానీ ప్రతిపాదన మొదటి పేజీలో ఆ ప్రమాణాన్ని రాయలేదు. రెండు మరుగుదొడ్లు, పది నిమిషాలు, 120 మంది, వెరసి ఒక్కొక్క ఆడపిల్లకు పది సెకన్లు అని రాశాము. ఆ తర్వాత హాజరు పట్టీ నుంచి తీసిన లెక్క పెట్టాము: పెద్ద తరగతుల ఆడపిల్లలు నెలలో ఏ రోజుల్లో రావడం లేదు, మధ్యాహ్నం తర్వాత ఎందరు ఇంటికి వెళ్లిపోతున్నారు. ఈ లెక్కలు తీయడానికి రెండు వారాలు పట్టింది. ఉత్తరం రాయడానికి ఒక సాయంత్రం చాలింది. మంచి దరఖాస్తులో శ్రమ అంతా రాతకు ముందే జరిగిపోతుంది.

అంచనా వ్యయం గుండ్రని అంకె కాకూడదు. మూడు కొటేషన్లు తెచ్చి, జీఎస్టీ కలిపి, రవాణా, కూలీ విడివిడిగా చూపాలి. జిల్లా విద్యాశాఖ అనుమతి ముందుగానే తీసుకోవాలి. పని కంపెనీ నేరుగా చేయిస్తుందా, ఏదైనా సంస్థ ద్వారా చేయిస్తుందా కనుక్కోవాలి, ఎందుకంటే 2021 ఏప్రిల్ నుంచి ఆ సంస్థకు సీఎస్‌ఆర్-1 నమోదు తప్పనిసరి. కాలం కూడా తెలుసుకోవాలి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో రెండు శాతం ఖర్చుపెట్టాలి. వాటి ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది. ఖర్చుకాని సొమ్మును పక్కకు బదిలీ చేయక తప్పదు. కాబట్టి శీతాకాలంలో అన్నీ సిద్ధంగా ఉన్న ప్రతిపాదన బల్ల మీద ఉండాలి. పని పూర్తయ్యాక వినియోగ ధ్రువపత్రం అడగకముందే పంపిన బడికి రెండోసారి తలుపు తెరుచుకుంటుంది. ఇవన్నీ చిన్న విషయాలే. కార్పొరేట్ పాఠశాలల దగ్గర ఇవి చూసుకోవడానికి జీతం తీసుకునే మనిషి ఉంటాడు. మా దగ్గర లెక్కల సారు ఉంటాడు.

అదే 135వ సెక్షన్‌లో మరొక మాట ఉన్నది. కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. దుండిగల్ వంటి చోట ఈ మాటను పట్టుకోవాలి. మీ ప్రాంగణానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాము అని రాసి ఆగిపోకుండా, మీ ప్రాంగణంలో కాంట్రాక్టు కింద పనిచేసేవారి పిల్లలు మా బడిలో చదువుతున్నారు అని రాశాము. తల్లిదండ్రులను అడిగి, పేర్లు లేకుండా, సంఖ్య మాత్రం ఇచ్చాము. సంస్థ ప్రతినిధి ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు. దాతకూ గ్రహీతకూ మధ్య ఉన్నది దయ అనే సంబంధమొక్కటే అన్న భావన అక్కడ కొంత కదిలింది. లాభంలో ఆ తల్లిదండ్రుల శ్రమ కూడా ఉన్నది కదా.

కులం మాట దగ్గర మాత్రం ప్రతిఘటన ఎదురైంది. ప్రతిపాదనలో విద్యార్థుల సామాజిక నేపథ్యం కింద ఎస్సీ, ఎస్టీ, బీసీల వివరాలు రాశాము. ఇంకో సంస్థ ప్రతినిధి మర్యాదగానే, ఈ మాటలు తీసేసి వెనుకబడిన పిల్లలు అని రాయండి సార్, మా బోర్డు ముందు కులం ప్రస్తావన బాగుండదు అన్నారు. పేదరికం అయితే ఇబ్బంది లేదు. పేదరికానికి కారకులెవరూ ఉండరు, అది వానలాగా పడుతుంది. కులం అన్నప్పుడు పక్కన ఇంకెవరో ఉన్నారని గుర్తుకొస్తుంది. మేము ఆ పట్టిక తీయలేదు. తీస్తే మా హాజరు లెక్కలకు అర్థమే ఉండదు.

అయితే ఆ పట్టిక కూడా పూర్తి నిజం చెప్పదు. ఒడిశా, బీహార్ల నుంచి వచ్చిన దళిత పిల్లలు మా రికార్డుల్లో ఎస్సీలుగా కనిపించరు. షెడ్యూల్డ్ కులాల, తెగల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. పుట్టిన రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి తోడురాదు. ఈ సూత్రాన్ని స్థిరపరిచిన 1990 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పిటిషనర్ మన తెనాలిలో పుట్టిన గిరిజన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళితే అక్కడ ఆయన ఎస్టీ కాకుండా పోయారు. మా బడిలో అదే కథ తిరగబడి నడుస్తున్నది. స్వగ్రామంలో అంటరానివాడైన కూలీ కొడుకు ఇక్కడి గడిలో జనరల్. మీసేవ కేంద్రంలో అతనికి ధ్రువపత్రం రాదు, ఉపకార వేతనం రాదు. అందుకే ప్రతిపాదనలో పట్టిక కింద ఒక వాక్యం చేరుస్తాము: వలస కుటుంబాల పిల్లలు ఇందరు, వీరి సామాజిక వర్గం ఈ లెక్కల్లో కనిపించదు.

ఫొటోల గొడవ ఇంకొకటి. పనికి ముందు, పనికి తర్వాత అని రెండు చిత్రాలు కావాలంటారు. ముందు చిత్రంలో పిల్లలు దీనంగా ఉండాలి. ఒకసారి ఒక పిల్లను చెప్పులు విడిచి పాడైన గోడ పక్కన నిలబడమన్నారు. యాజమాన్య కమిటీలో ఉన్న ఆ పిల్ల తల్లి అక్కడే ఉన్నది. "గామె కాళ్లకు చెప్పులున్నయ్ గద సారూ, ఇడిపిచ్చి ఫొటో ఎందుకు తీస్తరు?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. గోడ ఫొటో, పగిలిన తలుపు ఫొటో పంపాము. పిల్లల ముఖాలు పంపకూడదని ఆ తర్వాత కమిటీయే తీర్మానం చేసింది. నిధులకు దానివల్ల ఏ ఆటంకమూ రాలేదు.

అన్నింటికంటే కీలకమైన వాక్యం ప్రతిపాదన చివర్లో, నిర్వహణ అనే శీర్షిక కింద ఉంటుంది. ఆ గడిని అందరూ తేలికగా నింపుతారు. విద్యార్థుల భాగస్వామ్యంతో నిర్వహిస్తాము అని ఒక వాక్యం రాసేస్తారు. ఇచ్చేవారికి అది ముచ్చటగా ఉంటుంది. భాగస్వామ్యం అంటే ఏమిటి? మరుగుదొడ్డి కట్టించడానికి డబ్బు ఉండి, కడగడానికి డబ్బు లేకపోతే, కడిగేవారు ఎవరవుతారో ఈ దేశంలో చీటీలు వేసి తేల్చనక్కరలేదు. 2023 డిసెంబరులో కర్ణాటక కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని ఒక గురుకులంలో దళిత విద్యార్థుల చేత మలగుంత శుభ్రం చేయించిన ఉదంతం బయటపడి అరెస్టుల దాకా వెళ్లింది. అక్కడ వీడియో దొరికింది. దొరకని చోట్ల అది శ్రమదానం పేరుతో, క్రమశిక్షణ పేరుతో నడుస్తూ ఉంటుంది. నేను చదువుకున్న బడిలో చీపురు ఏ వాడ పిల్లల చేతికి వచ్చేదో, హార్మోనియం ఏ వీధి పిల్లల ముందు ఉండేదో మా తరంవారికి చెప్పనక్కరలేదు.

మా ప్రతిపాదనలో నిర్వహణ కింద ఇలా రాశాము: శుభ్రపరిచే పనిని వేతనం పొందే వయోజనులే చేస్తారు, ఏ విద్యార్థీ ఏ కారణంతోనూ చేయడు. దాని వెంట మూడేళ్ల వేతనం, చేతి తొడుగులు, బూట్లు, ఒత్తిడితో నీళ్లు చిమ్మే గొట్టం, మోటారు ఖర్చు. మొత్తం అంచనా పెరిగింది. సంస్థ వారు సందేహించారు. పిల్లలకు శ్రమ గౌరవం నేర్పాలి కదా, గాంధీజీ కూడా తన పాయిఖానా తానే కడుక్కున్నారు కదా అన్నారు. గాంధీజీ ఎంచుకుని కడిగారు. మా పిల్లల తల్లులు పొద్దున ఆరింటికి విల్లాలకు వెళ్లి కడిగి వస్తారు, శ్రమ సంగతి ఈ పిల్లలకు కొత్తగా నేర్పనక్కరలేదు అని కమిటీ తరఫున చెప్పాము. చివరికి రెండేళ్ల వేతనానికి ఒప్పుకున్నారు. 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బడుల పారిశుధ్యానికి విద్యార్థుల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల వరకు మంజూరు చేస్తున్నది. ఆలస్యంగానైనా ఇది సరైన పని. అయినా వేతనం పొందే ఆ వయోజనురాలు కూడా మళ్లీ మాదిగవాడ నుంచో తండా నుంచో వచ్చే స్త్రీయే. చిన్న బడికి వచ్చే 3,000తో ఆమెకు దక్కేది జీతం అనిపించుకోదు. మా దరఖాస్తు పిల్లలను చీపురు నుంచి తప్పించింది గానీ, చీపురుకు కులం లేకుండా చేయలేదు.

ఇన్ని చెప్పాక ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. కంపెనీల గుమ్మాల చుట్టూ ఉపాధ్యాయుణ్ణి తిప్పడం ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోవడానికే కదా అని ఉద్యమ మిత్రులు అడుగుతారు. అమెరికాలో కూడా చార్లెస్ బెస్ట్ అనే చరిత్ర ఉపాధ్యాయుడు 2000లో, న్యూయార్క్ బ్రాంక్స్‌లోని తన బడికి పుస్తకాలూ సామగ్రీ లేక డోనర్స్‌చూజ్ ప్రారంభించాడు. ఉపాధ్యాయులు అవసరాలు రాస్తే దాతలు ఎంచుకుని ఇస్తారు. అంత సంపన్న దేశంలో పెన్సిళ్ల కోసం టీచర్లు కథలు రాయాల్సి రావడం ఆ దేశానికి ఘనతేమీ కాదు. అభ్యంతరం సరైనదే. కానీ ఈ ఏడు ఏడో తరగతిలో ఉన్న పిల్లకు మరుగుదొడ్డి ఈ ఏడే కావాలి. దరఖాస్తు రాస్తూనే అభ్యంతరం చెప్పాలి తప్ప, అభ్యంతరం చెప్పి చేతులు ముడుచుకుంటే ఆ సొమ్ము ఇంగ్లీషు బాగా రాసే మరో బడికి పోతుంది.

నిజానికి నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది కంపెనీల సొమ్ముకంటే ప్రభుత్వ సొమ్ము పోటీగా మారడం. 2022లో ప్రకటించిన పీఎం శ్రీ పథకంలో దేశవ్యాప్తంగా 14,500 బడులకు ఐదేళ్లలో 27,360 కోట్ల రూపాయల వ్యయం నిర్ణయించారు. ఎంపిక ఛాలెంజ్ పద్ధతిలో. బడి తానే పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. గ్రామీణ బడికి కనీసం 60 శాతం, పట్టణ బడికి 70 శాతం మార్కులు రావాలి. దానికంటే ముందు కనీస అర్హతలున్నాయి: మంచి స్థితిలో ఉన్న పక్కా భవనం, ర్యాంపులు, బాలబాలికలకు విడి మరుగుదొడ్లు, రాష్ట్ర సగటు కంటే ఎక్కువ విద్యార్థుల సంఖ్య. భవనం ఉన్న బడే భవనానికి డబ్బు అడగవచ్చన్నమాట. అటల్ టింకరింగ్ ల్యాబ్ కింద 20 లక్షల రూపాయలు వస్తాయి, కానీ 1,500 చదరపు అడుగుల నిర్మిత స్థలం చూపాలి, ప్రైవేటు బడులు కూడా పోటీపడవచ్చు. రాష్ట్రంలో 2022లో మొదలైన మన ఊరు మన బడి 26,065 పాఠశాలలను లక్ష్యంగా పెట్టుకున్నా, తొలి విడతలో ఎక్కువ మంది విద్యార్థులున్న 9,123 బడులనే ఎంచుకున్నారు. ఏ బడిలో సంఖ్య తక్కువ? తండాలోని బడిలో, వాడ పక్కన ఉన్న ప్రాథమిక పాఠశాలలో. సంఖ్య తగ్గడానికి వసతులు లేకపోవడం కారణం, వసతులు రాకపోవడానికి సంఖ్య తగ్గడం కారణం. 1854 నాటి సూత్రం పేరు మార్చుకుని పోర్టల్ ఎక్కింది.

సమగ్ర శిక్షా కింద వచ్చే పాఠశాల గ్రాంటు కూడా సంఖ్యతోనే ముడిపడి ఉన్నది. ముప్పై మంది కంటే తక్కువ ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు సామాను, మరమ్మతులు అన్నీ అందులోనే. ఈ సొమ్ముతో నడిచే ఏకోపాధ్యాయ పాఠశాలలోని పంతులమ్మ పీఎం శ్రీ దరఖాస్తు ఎప్పుడు రాస్తుంది? ఆమె తరగతి వదిలి పోర్టల్ ముందు కూర్చుంటే ఆ పూట బడి లేనట్లే.

అందుకని మా కమిటీ ఈ ఏడాది అభివృద్ధి ప్రణాళికలో మూడు కోరికలు చేర్చి పైకి పంపింది. మండల స్థాయిలో దరఖాస్తుల రాతకు ఒక మనిషిని నియమించాలి, ముందుగా తండాల, వాడల బడులకు అతను అందుబాటులో ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం తయారైన ప్రణాళికకు ఎంత మంజూరైంది, ఎందుకు కాలేదు అన్నది కమిటీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వానిదైనా కంపెనీదైనా, మరుగుదొడ్ల కోసం ఇచ్చే ప్రతి గ్రాంటు ఫారంలో కడిగేది ఎవరు, వారికి నెలకు ఎంత ఇస్తారు అనే గడి ఉండాలి, అది ఖాళీగా ఉంటే ఫారం చెల్లకూడదు. తీర్మానం కింద సంతకాలు పెట్టినవారిలో సగానికి పైగా స్త్రీలు. ఒకామె వేలిముద్ర వేస్తూ, మూడో కోరికను మొదటిది చేయమన్నది. అప్పటికే కాగితం టైపు అయిపోయింది. వరుస మార్చి మళ్లీ టైపు చేయించి పంపాము.